పన్నెండు నిమిషాల ఆలస్యం

బాలకృష్ణ ఒక తెల్లకాగితం బల్లమీద పెట్టి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దానిమీద తాళాల గుత్తి ఉంచాడు.

"పదిహేను పేర్లు చాలండి," అన్నాడు. "నాకు రోజూ చూసే మొహాలు. నేను రాస్తే పగబట్టి రాశానంటారు. మీరు చదువుకున్నవారు, బయటి మనిషి. మీరు రాస్తే అది శాస్త్రం అవుద్ది."

2005 మార్చి నెల అది. బూర్గంపాడు దాటాక, గోదావరి వైపు దిగే మట్టిబాట మొదట్లో ఉన్న అట్టపెట్టెల కర్మాగారానికి అతడు మేనేజరు. వేంసూరు వైపు రైతుకుటుంబం నుంచి వచ్చినవాడు. మాటలో ఇంకా ఆ కోస్తా సరిహద్దు మెత్తదనం పోలేదు. ఎదురుగా కూర్చున్న డాక్టర్ సంపూర్ణకు అప్పటికి నలభైనాలుగేళ్లు. మనుషులు కలిసి పనిచేసే తీరును అధ్యయనం చేయడం, ఆ చదువుతో సంస్థలకు సలహా చెప్పడం ఆమె వృత్తి. కర్మాగారం యజమాని హైదరాబాదులో ఉంటాడు. రెండో షిఫ్టులో అట్ట ఎక్కువగా పాడవుతోందని ఆయన ఫిర్యాదు. పనికిరాని పదిహేనుమందిని తీసేయాలి. అది కుదరకపోతే మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే ఆ షిఫ్టునే ఎత్తేసి నలభైఒక్కమందినీ ఇంటికి పంపాలి. ఈ రెంటిలో ఏది మేలో తేల్చమని సంపూర్ణను పిలిపించారు.

ఆమె తాళాల గుత్తిని పక్కకు జరిపి కాగితాన్ని అతనివైపు తోసింది.

"పేర్లు రాసే పని పదకొండేళ్లు చేసిన బాలకృష్ణ గారూ. అందులో నాకు మంచి పేరే ఉండేది. అందుకే మానేసిన."

"మరేం చేస్తారండి?"

"ఇక్కడ ఏం బాగా నడుస్తున్నదో చూస్త. నలభై రోజులియ్యండి."

బాలకృష్ణ నవ్వును మీసాల్లోనే ఆపుకున్నాడు. "బాగున్నదాన్ని చూడ్డానికి నలభై రోజులెందుకండి? అరగంట చాలు. ఉన్నదే కొంచెం."

ఆ ఎత్తిపొడుపు ఆమెకు కొత్త కాదు. పాల్వంచలో ఆమె కిరాయికి ఉంటున్న వీధిలో ఆమె చేసే పనేమిటో ఎవరికీ సరిగా తెలియదు. కార్డు మీద 'సానుకూల సంస్థాగత వికాసం' అని ఉంటుంది. పక్కింటివారు దాన్ని రెండుసార్లు చదివి, మర్యాదగా తిరిగిచ్చేవారు. ఆమెతోనే ఉండే తండ్రి పేరు ఆరోగ్యం. ఆయనకు ఆ మర్యాద కూడా లేదు. థర్మల్ కేంద్రంలో పాతికేళ్లు బాయిలరు దగ్గర పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి ఆయన.

"చెడిపోయిందాన్ని బాగుచేసేటోణ్ని మెకానిక్కు అంటరు. చెడిపోనిదాన్ని చూసేటోళ్లను ఏమంటరే బిడ్డా?" అని ఆటపట్టించేవాడు.

నిజానికి ఆ విద్యలో ఆమెకు మొదటి గురువు ఆయనే. ఆమెకు ఆరేడేళ్లప్పుడు, కాలనీ చివర ప్రహరీగోడ దగ్గరికి తీసుకుపోయి, గోడకు ఆనించి నిలబెట్టి, "విను. ఇయ్యాల మంచిగున్నది. గిది గుర్తువెట్టుకో" అనేవాడు. దూరాన యంత్రాలు ఒకే శ్రుతిలో మోగుతుండేవి. పేలుడు వినిపిస్తే ఊరంతా చెవులు నిక్కబొడుచుకుంటుంది. నిండుగా నడిచే చప్పుడును ఎవరూ వినరు. "మంచిగ నడిచేటప్పుడు ఎట్ల మోగుతదో తెల్వనోడు, చెడ్డనాడు ఏం కనిపెడ్తడు?" అనేది ఆయన సిద్ధాంతం. అది సిద్ధాంతమని ఆయనకు తెలియదు. దాన్ని ఒక శాస్త్రంగా గుర్తించడానికి కూతురికి ముప్పైయేళ్లు పట్టింది.

కొత్తగూడెంలో డిగ్రీ, విశాఖలో మనస్తత్వశాస్త్రంలో ఎమ్మే పూర్తిచేసి, ఇరవైమూడేళ్లకు ఆమె హైదరాబాదులో ఒక బట్టల మిల్లులో సిబ్బంది విభాగంలో చేరింది. తప్పు చేసిన కార్మికుణ్ని విచారించడం, అభియోగపత్రం రాయడం, శిక్ష సూచించడం ఆమె పని. భాష మీద పట్టున్న మనిషి కనుక పత్రాలు పకడ్బందీగా రాసేది. ఒక ఏడాది, కారణం లేకుండా మగ్గాన్ని తొమ్మిది నిమిషాలు ఆపాడని ఒక కార్మికుడు ఆమె ముందుకొచ్చాడు. ఎందుకు ఆపావని మూడుసార్లు అడిగింది. "ఏం కాలేదు మేడం" అని మూడుసార్లు అన్నాడు. 'సరైన కారణం చూపలేదు' అని ఆమె రాసింది. అతని కొలువు పోయింది. పక్కన కొత్తగా చేరిన అమ్మాయి పైట కొస బెల్టులో పడబోతే అతడు చూసి యంత్రం ఆపాడనీ, ఆ పిల్ల మీదికి మాట రాకూడదని నోరు విప్పలేదనీ ఏడాది తర్వాత ఆ అమ్మాయే వచ్చి చెప్పింది.

నేల మీద కుండ లేదన్న సంగతి మనకు ఎలా తెలుస్తుందని మన పూర్వ తార్కికులు తరాల తరబడి వాదించుకున్నారు. ఉన్నదాన్ని చూపే ప్రమాణాలు లేనిదాన్ని చూపలేవని, దానికి వేరే ప్రమాణం కావాలని ఒక పక్షం పట్టుబట్టింది. దానికి అనుపలబ్ధి అని పేరు పెట్టింది. కుండ విషయంలో అది పండితుల కాలక్షేపం. మిల్లులో అది ఒక మనిషి కూడు. జరగకుండా పోయిన ప్రమాదాన్ని నమోదు చేసే గడి ఏ ఫైలులోనూ ఉండదు. సంపూర్ణ ఆ సంగతి గ్రహించడానికి ఒక కుటుంబం వీధిన పడవలసి వచ్చింది.

ముప్పైనాలుగేళ్లకు ఆమె రాజీనామా చేసింది. అయిదు మిల్లులు తిరిగి, ప్రమాదం జరగని రోజుల మీద సిద్ధాంతగ్రంథం రాసింది. "జరగనిదాని గురించి మూడువందల పేజీలా?" అని పరీక్షకుడు అడిగాడట. పట్టా వచ్చింది, పేరు రాలేదు. రెండేళ్లు ఒక కళాశాలలో పాఠాలు చెప్పి, 2003లో పాల్వంచకు తిరిగివచ్చి సొంతంగా సలహాదారు పని మొదలుపెట్టింది. తొలి రెండు పనుల్లో చెప్పుకోదగిన ఫలితమేదీ లేదు. అట్టపెట్టెల కర్మాగారం మూడోది.

మొదటి సోమవారం, షిఫ్టు మారడానికి గంట ముందు, పెట్టెలు కట్టే షెడ్డులో రెండో షిఫ్టువాళ్లందరినీ కూర్చోబెట్టింది. వారిలో సగంమంది పాల్వంచ చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలవాళ్లు. మిగతా సగం తండాలవాళ్లు. ఒక్క మూలన, కుర్చీ వేసుకుని, బాలకృష్ణ కూడా కూర్చున్నాడు. అతన్ని బయటికి పొమ్మనడం అమర్యాద అని ఆమె ఊరుకుంది.

"మీరు ఇక్కడ పనిచేసిన ఇన్నేళ్లలో, ఇయ్యాల మంచిగ చేసిన అని మీకే అనిపించిన రోజు ఒకటి ఉంటది. ఆ రోజు గురించి చెప్పండి," అంది.

ఆ ప్రశ్నకు మనుషుల ముఖాలు వికసిస్తాయని, పది నిమిషాల్లో గది అంతా మాటలతో నిండుతుందని ఆమె చదివిన గ్రంథాల్లో ఉంది. షెడ్డులో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తండావాళ్లు తమ కాలివేళ్లను పరిశీలనగా చూసుకుంటున్నారు. చివరికి, అట్టకు ముడతలు వేసే రోల్ మిషన్ మీద పనిచేసే జమ్లి నోరు విప్పింది. నలభై దాటిన మనిషి, మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లని గాజులు.

"మంచిగ చేసినమని మాకు మేమే అనుకుంటె దిష్టి తగుల్తది మేడం. రేపే ఏలు తెగుతది."

అందరూ అవునన్నట్టు తలలూపారు. అప్పుడు, పెట్టెలు అంటించే గంజి కాచే ముత్యాలు భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు.

"దేవునికి స్తోత్రం. నా సాక్ష్యం చెప్తున్న."

సంపూర్ణకు ప్రాణం లేచివచ్చింది. ఆ ఊరట అర నిమిషం నిలిచింది.

సాక్ష్యానికి ఆ చర్చిలలో ఒక నడక ఉంది. ముందు తానెంత పతనమయ్యాడో చెప్పాలి. ఆ తర్వాతే తన్ను ఎవరు లేవనెత్తారో చెప్పాలి. గుంత ఎంత లోతైతే, ఎత్తినవాడి మహిమ అంత గొప్పది. ముత్యాలు లోతుగానే తవ్వాడు.

"నేను తాగుబోతును. పోయిన వానకాలం గంజి పొయ్యి కాడ నిద్రవోయిన. గంజి మాడింది. మాడిన గంజే పోసిన. నాలుగొందల పెట్టెలు ఊడినయ్. ఎవలకు చెప్పలే. గట్లాంటి నన్ను దేవుడు..."

"ఆమెన్!" అన్నారెవరో.

ఇక కట్ట తెగింది. ఒకడు అట్టచుట్టల వెనక మూడు మధ్యాహ్నాలు పడుకున్నానన్నాడు. ఒకడు విరిగిన కోతబ్లేడును బూడిదలో పాతిపెట్టానన్నాడు. మరొకడు రాని స్నేహితుడికి హాజరు కార్డు కొట్టానన్నాడు. ఆ స్నేహితుడు వెంటనే లేచి అది నిజమేనని సాక్ష్యమిచ్చాడు. ఒకరి గుంతకంటే మరొకరిది లోతు. చెప్పినవాడల్లా తేలికపడి కూర్చున్నాడు. మంచి గురించి అడిగిన గంటలో తొమ్మిదిమంది తప్పులు ఒప్పుకున్నారు. మూలన బాలకృష్ణ కలం ఆగలేదు.

"మూడేళ్లలో నేను పట్టుకోలేనిది గంటలో చెప్పించారండి," అన్నాడతడు, షెడ్డు ఖాళీ అయ్యాక. గొంతులో వెటకారం లేదు. అదే మరీ భయంగా ఉంది. "తొమ్మిది వచ్చాయి. రోల్ మిషన్ మేస్త్రీ హాతీరాంది ఎటూ ఉంది. మిషన్‌ని రోజూ పన్నెండు నిమిషాలు లేటుగా మొదలెడతాడు, ఆరేళ్ల నుంచి. ఇంకో అయిదు పేర్లు."

"ఆ కాగితం నాకియ్యండి. నన్ను నమ్మి చెప్పిన మాటలవి."

"మీరు అడిగారు, వాళ్లు చెప్పారు, నేను రాసుకున్నాను. ఇందులో నా తప్పేంటండి?"

తప్పు అతనిది కాదు.

ఆ సాయంత్రం సంగతంతా విని ఆరోగ్యం మొదట పగలబడి నవ్వాడు. కూతురి ముఖం చూసి ఆపేశాడు.

"సాక్ష్యమంటె ఎట్లుంటదో నీకు తెల్వదా? పన్నెండేండ్ల పిల్లప్పుడు చర్చిల నిలవడి, చక్కెర దొంగతనం ఒప్పుకున్నది నువ్వు గాదూ?"

"తెలుసు నాయినా."

"తెలిసి అడిగినవా?"

"అడిగేటప్పుడు పుస్తకం గుర్తున్నది. మనం గుర్తులేము."

"రేపు పొయ్యి మొకం జూపి, తప్పు నీదని చెప్పు," అన్నాడాయన. "మిగిలింది తర్వాత."

మర్నాడు గేటు దగ్గర ముత్యాలు ఎదురొచ్చాడు. తొమ్మిది పేర్ల సంగతి అప్పటికే పాకింది. తిడతాడనుకుంది, తిట్టలేదు.

"మీరు గూడ మనోళ్లే గదమ్మా. మనోళ్ల ముందర దాచుడెందుకని చెప్పిన," అన్నాడు.

తప్పు నాది ముత్యాలూ అని ఆమె అంది. ఆ మాట అతనికి అప్పటికి ఏ పనికీ రాలేదు. చేతులు కట్టుకుని, గంజి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

కొన్ని రోజులు ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. పాల్వంచ నుంచి మధ్యాహ్నం బస్సులో వెళ్లి, ఒక మూల కూర్చుని, తిరిగివచ్చేది. ఒకరోజు తండా స్టేజీ దగ్గర బస్సెక్కిన జమ్లికి ఆమె పక్క సీటు తప్ప ఖాళీ దొరకలేదు. కాసేపటికి జమ్లే కదిలించింది.

"మేడం, ఆ పన్నెండు నిమిషాలకు హాతీరాం అన్న కొలువు పోతదా?"

"పోనియ్యకూడదనే చూస్తున్న. ఆ పన్నెండు నిమిషాలు ఏం చేస్తడు ఆయన?"

జమ్లి మొదట కిటికీలోంచి బయటికి చూసింది. "నా గురించి నేను చెప్పను. ఆయన గురించి అడిగినవ్ గాబట్టి చెప్తా." తన గాజుల చేతిని ఒళ్లో పరిచింది. "గోడ మీద బోర్డున్నది గదా, గాజులు తీసి పనిచెయ్యాలెనని. మొగడు బతికుండంగ మేం తీస్తమా? అందుకే పొద్దుగాల షిఫ్టుల రోల్ మిషన్ మీదికి మా ఆడోళ్లను రానియ్యరు. హాతీరాం అన్న రానిస్తడు. ఇంట్లకెల్లి పాతచీరె పట్టీలు తెస్తడు. మేం ఒకల చేతికొకలం గాజుల మీదంగ గట్టిగ చుట్టుకుంటం. జడలు ముడేసి సుతిలి తాడుతోని కట్టుకుంటం. ఒక్కొక్కల చెయ్యి చూస్తడు. ఒదులుంటె మళ్ల చుట్టమంటడు. అందరివి అయినంకనే బటన్ ఒత్తుతడు."

"అందరివీ అయ్యేసరికి పన్నెండు నిమిషాలు."

"అవ్. ఆరేండ్లల్ల ఒక్కల ఏలు పోలే."

"ఇది బాలకృష్ణ గారికి ఆయన ఎప్పుడూ చెప్పలేదా?"

జమ్లి ఆమెను వింతగా చూసింది. "ఏమని చెప్తడు మేడం? ఏం కాలే గదా."

సంపూర్ణ ముందుసీటు ఇనుపకడ్డీని గట్టిగా పట్టుకుంది. హైదరాబాదులో మూడుసార్లు విని, మూడుసార్లూ వినకుండా వదిలేసిన మాట అది.

"ఇప్పుడు ఆయన గురించి నువ్వు చెప్పినవ్. మరి ఆయనకు దిష్టి తగలదా?"

"తగుల్తది. ఎందుకు తగలది?" అంది జమ్లి, అదొక సమస్యే కానట్టు. "ఉప్పు తిప్పి పోస్త."

ఒక మనిషి తనకు తాను సాక్షి కాలేడన్నది న్యాయస్థానాలకు ఎప్పటి నుంచో తెలిసిన విషయం. గుణం విషయంలో అది మరీ నిజం. తన మంచిని తాను చెప్పుకోమంటే ఆ నేల మీద ఒకరికి దిష్టి భయం, ఒకరికి పాపభీతి; రెండూ లేనివాడికి సిగ్గు. పుస్తకాల్లోని పరదేశపు పద్ధతి అక్కడ చెల్లకపోవడానికి కారణం మనుషుల్లో మంచి లేకపోవడం కాదు, దాని ఆచూకీ వేరేచోట ఉండటం. ప్రతివాడి మంచీ పక్కవాడి కళ్లలో దాచి ఉంది. సంపూర్ణ ఇంతవరకు తప్పు పెట్టె తెరవబోయింది.

మిగిలిన రోజుల్లో ఆమె సభ పెట్టలేదు. షిఫ్టు మారేవేళ ఇద్దరేసి చొప్పున గంజి షెడ్డు వెనక అరుగు మీద కూర్చోబెట్టి, ఒకరి గురించి మరొకర్ని అడిగింది. "నీ గురించి వద్దు. ఈయన చేస్తుంటె నువ్వు చూసిన మంచి పని ఒకటి చెప్పు."

మొదటివాళ్లు నవ్వి, ఒకరినొకరు గిచ్చుకున్నారు. "ఈనా? ఈన చేసిన మంచిపని రిటైరైనంక చెప్తా!" అన్నాడొకడు. తర్వాత మాటలు వచ్చాయి. ముత్యాలు గురించి హాతీరాం చెప్పాడు. వయసు యాభై దాటిన మనిషి. మాట్లాడేముందు గొంతు సవరించుకోవడానికే మాటకంటే ఎక్కువ సమయం తీసుకుంటాడు. ఆ మాడిన గంజి నాటి నుంచి ముత్యాలు తాగలేదట. మీటరును నమ్మకుండా గంజి చుక్కను రెండు వేళ్ల మధ్య పెట్టి సాగదీసి చూస్తాడట. ముసురు పట్టిన రోజు చిక్కగా కాస్తాడట. "ఆ నాలుగొందల తర్వాత నాలుగు గూడ ఊడలే మేడం. ఆయన సాక్ష్యంల గా ముక్క చెప్పలే. గుంత కాడ్నే ఆగిండు."

పక్కనే ఉన్న ముత్యాలు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అది చెమటేనని అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత అతని వంతు వచ్చినప్పుడు జమ్లి గురించి చెప్పాడు. పొద్దుటి షిఫ్టువాళ్లు విప్పిన అట్టచుట్టలు ఎండవేడికి పెళుసెక్కి మధ్యాహ్నానికి పగులుతాయి. జమ్లి రాగానే ఒక గోనెపట్టా తడిపి తన చుట్ట పక్కన వేలాడదీస్తుంది. "ఆమె కాడ అట్ట పలగదు. మేమంత ఆమె చేతి గుణం అనుకున్నం. గోనెసంచి గుణమని నిన్న సూసిన."

మర్నాటి నుంచి అన్ని చుట్టల పక్కనా తడిగోనెలు వేలాడాయి. ఏప్రిల్ ఎండలు ముదిరాయి. పాడైన అట్ట మాత్రం వారం వారం తగ్గింది. అలాగని తొమ్మిది పేర్ల కాగితం ఎక్కడికీ పోలేదు. బాలకృష్ణ చొక్కా జేబులో, కళ్లజోడు వెనక, దాని అంచు రోజూ కనబడుతూనే ఉంది.

నలభయ్యో రోజు యజమాని వచ్చాడు. షెడ్డులో ఆయనకు కుర్చీ వేశారు. పక్కన చేతులు కట్టుకుని బాలకృష్ణ నిలబడ్డాడు. సంపూర్ణ మొదట తన సాక్ష్యమే చెప్పింది: మిల్లు, తొమ్మిది నిమిషాలు, మూడుసార్లు విన్న మాట, తన చేత్తో రాసిన పత్రం. "నలభై రోజుల కింద ఇదే షెడ్డులో మళ్లీ అటువంటి తప్పే చేసిన. నేను అడిగిన ప్రశ్నకు మీలో తొమ్మిదిమంది పేర్లు కాగితానికెక్కినయ్. అడిగిన పద్ధతి నాది, తప్పు నాది," అంది. వెనక వరసలో ఎవరో "ఆమెన్" అనబోయి, అలవాటును మింగేశారు.

ఆపైన ఒకరి గురించి ఒకరు చెప్పారు. యజమాని మెత్తని మనిషి కాడు. ముఖంలో ఏ మార్పూ లేకుండా విన్నాడు. అంతా అయ్యాక, "మా మేనేజరు గురించి చెప్పేవాళ్లెవరూ లేరా?" అని అడిగాడు.

హాతీరాం పైకప్పు రేకులు లెక్కపెడుతున్నాడు. బాలకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు జమ్లి లేచింది.

"నేను చెప్తా సార్. పోయిన వానకాలం నా బిడ్డకు జరమొచ్చి కండ్లు తేలేసింది. తండాకెల్లి మనిషొచ్చిండు. నేను మిషన్ మీదున్న. ఈ సారే స్కూటర్ మీద ఎక్కించుకొని, బ్రిడ్జి దాటి, భద్రాచలం దవాఖానాకు తీస్కవొయ్యిండు. సూది ఏసెదాంక ఆడ్నే నిలవడ్డడు." ఆమె ఊపిరి తీసుకుంది. మేలు పూర్తిగా చెప్పకపోతే మేలు చేసినవాడికి అన్యాయమవుతుందని ఆమెకు తోచింది. "నేను రెండొద్దులు రాకున్నా, హాజరు గూడ నిండుగ ఏసిండు సార్."

"అయ్యో జమ్లీ," అన్నాడు ముత్యాలు నెమ్మదిగా, "గది గూడ చెప్తరా!"

ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. యజమాని తల తిప్పాడు. "వేశావా బాలకృష్ణా?"

"వేశానండి."

"రూలు ప్రకారం?"

"తప్పేనండి." అతని చేయి తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. ఆ జేబులోని కాగితంలో, మరొకరికి హాజరు వేసిన నేరానికి ఒక పేరు ఉంది. తన మేలు ఫైలులో ఏ గడిలో పడుతుందో ఆ మధ్యాహ్నం అతనికి మొదటిసారి తెలిసింది. అతని ముఖం చూసి సంపూర్ణ చూపు తిప్పుకుంది. గెలిచినట్టు ఆమెకు అనిపించలేదు.

ఇంతలో రెండు గంటల సైరను మోగింది. యజమాని లేచాడు. "ఆ పన్నెండు నిమిషాలేవో చూద్దాం పదండి."

రోల్ మిషన్ ముందు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఆడవాళ్లు ఒకరి చేతికొకరు పట్టీలు చుట్టుకున్నారు, సుతిలితో జడలు కట్టుకున్నారు. యజమాని చూస్తున్నాడని హాతీరాం తొందరపడలేదు. జమ్లి పట్టీ కొస వదులుగా ఉందని తమ భాషలో ఏదో కసిరి, మళ్లీ చుట్టించాడు. అందరివీ చూశాక బటన్ నొక్కాడు.

"పదమూడు," అన్నాడు యజమాని.

"మీరున్నరని జర భద్రంగ చూసిన సార్," అన్నాడు హాతీరాం.

యజమాని ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. "పొద్దుటి షిఫ్టులో ఇది ఎందుకు చేయడం లేదు?" అని అడిగాడు. రెండో షిఫ్టు వచ్చే వానాకాలం దాకా నడుస్తుందనీ, అప్పుడు మళ్లీ చూస్తాననీ అన్నాడు. ఎవరినీ తీసేయడం లేదన్నాడు. అంతకుమించి ఒక్క మాట కూడా అదనంగా ఇవ్వలేదు. కారెక్కబోతూ ఆగి, "ఆ పేర్ల లిస్టేదో ఉందన్నావు?" అన్నాడు.

"ఎక్కడో పెట్టానండి. కనబడ్డం లేదు," అన్నాడు బాలకృష్ణ.

కళ్లజోడు వెనక కాగితం అంచు తెల్లగా మెరుస్తోంది. యజమాని దాన్ని చూశాడో లేదో తెలియదు. సంపూర్ణ చూసింది, ముత్యాలూ చూశాడు. కారు మలుపు తిరిగాక బాలకృష్ణ గంజి షెడ్డులోని పొయ్యి వైపు నడిచాడు. తిరిగివచ్చినప్పుడు జేబులో కళ్లజోడొక్కటే ఉంది.

దీన్ని గొప్ప ఆవిష్కరణ అనడం అతిశయోక్తి. ఆమె కూడా అలా అనలేదు. 2009 నాటికి సంపూర్ణ పదకొండు చోట్ల ఇదే పద్ధతిలో పనిచేసింది: ఒక పత్తి మిల్లు, రెండు హాస్టళ్లు, ఒక ఆసుపత్రి, ఇంకా కొన్ని. నాలుగు చోట్ల నిలబడే మార్పు వచ్చింది. మూడు చోట్ల ఏమీ కాలేదు. మిగతావాటి గురించి ఇప్పుడే చెప్పలేం. ఒకచోటైతే పొగడ్తలు ముందే పంచుకుని వచ్చి అప్పజెప్పారు. బెంగళూరులో ఒక సదస్సులో తన అనుభవాన్ని చదివినప్పుడు, మంచిని అడిగే పద్ధతి ఎక్కడ విఫలమవుతుందని ఒక పెద్దమనిషి ప్రశ్నించాడు. "తన్ను తాను మెచ్చుకోవడం మర్యాద కానిచోట. అక్కడ పక్కవాణ్ని అడగాలి," అంది. సభ ఆ జవాబును రాసుకుంది. అది బస్సులో జమ్లి దగ్గర నేర్చుకున్నదని కూడా ఆమె చెప్పింది. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

వానాకాలం వచ్చింది, పోయింది. మళ్లీ నాలుగు వచ్చాయి. రెండో షిఫ్టు ఆగలేదు. 2009 ఆగస్టులో ఒకరోజు, ఆరోగ్యం తన కూతురు చూసే చెడిపోనిదేదో తానూ చూడాలని పట్టుబట్టి బస్సెక్కాడు. డెబ్బైఆరేళ్లు, ఒక చెవి సరిగా వినబడదు. కర్మాగారం ప్రహరీగోడ నీడలో ఆమె ఆయన్ను నిలబెట్టింది. రెండు గంటల సైరను మోగింది. లోపల నిశ్శబ్దం.

"ఏందే, మిషన్ ఆగిపోయిందా?"

"లేదు నాయినా. విను."

ఆయన వినబడే చెవిని గోడవైపు తిప్పాడు. లోపల ఎవరో ఎవరినో కసురుతున్న గొంతు, ఆడవాళ్ల నవ్వు, పాతచీర పట్టీ చిరిగిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ముసలాయనకు విసుగు పుట్టేంతసేపు ఏమీ లేదు.

రెండు గంటల పన్నెండు నిమిషాలకు యంత్రం అందుకుంది.

ఆరోగ్యం కళ్లు మూసుకుని, అరచేయి గోడకు ఆనించి, కొంతసేపు అలాగే ఉన్నాడు.

"అవ్," అన్నాడు. "మంచిగున్నది."